ఏడొందల ముప్పై ఒకటికి అవతలి పక్క

ఆ శనివారం పొద్దున్నుంచీ అసంప్టా హెఫర్నన్ కాలు ఒకచోట నిలవడం లేదు. టువమ్ చర్చి హాల్లో బొమ్మ రైళ్ల ప్రదర్శనకి ఇక ఎనిమిది రోజులే ఉంది. వంటింటి బల్ల మీద వెన్న గిన్నెకీ, కోసి పెట్టిన గోధుమ రొట్టెకీ మధ్య జానెడు పొడవు ఇత్తడి ఇంజను మెరిసిపోతోంది. ఆరు చక్రాలు, వెనకాల బొగ్గు పెట్టె, ముందు పొడవాటి పొగగొట్టం. దాని పేరు ఏడొందల ముప్పై ఒకటి. మూడేళ్లుగా ఆవిడ తయారుచేస్తున్న ఆ ఇంజనులో సగమే నిజం. మిగతా సగం ఎలా ఉండేదో ఆవిడకి తెలియదు.

అసంప్టా పుట్టింది బాలీక్లారన్ బ్రాంచి లైను మీద, పన్నెండో మైలు దగ్గరున్న రైలు గేటు ఇంట్లో. నాన్న పట్టాలు సరిచేసే ముఠా మేస్త్రీ. అమ్మ డీలియా గేటు కీపరు. రోజుకి నాలుగు బళ్లు, నాలుగింటినీ లాగేది అదే ఏడొందల ముప్పై ఒకటి. మిగతా పిల్లలు బొమ్మలతో ఆడుకుంటే అసంప్టా గుమ్మంలో నిలబడి ఆ ఇంజనుని కళ్లతో తాగేసింది. పెద్దయ్యాక టువమ్‌లో ఒక పళ్ల డాక్టరు దగ్గర కట్టుడు పళ్లు చేసే పనిలో కుదిరింది. ముప్పై ఒక్క ఏళ్లు మైనం కరిగించి, అచ్చులు పోసి, సగం జిల్లాకి నవ్వులు అమర్చింది. అంత సన్నపని చేసిన చేతులకి ఇత్తడి ఒక లెక్కా? నలభై అయిదో ఏట మొదలుపెట్టిన బొమ్మ ఇంజన్ల పిచ్చి అరవయ్యో ఏటికి ముదిరి పాకాన పడింది. పట్టాల వెడల్పు కూడా మా ఐర్లండు కొలతే ఉండాలంటుంది. దుకాణంలో దొరికే ఇంగ్లీషు కొలత పట్టాలు ఇరుకుగా ఉంటాయని, చక్రాల ఇరుసులన్నీ తనే కోసుకుంటుంది.

మరి సగం ఎందుకు తెలియదంటారా? ఆ బ్రాంచి చివర ఇంజనుని తిప్పే ఏర్పాటు లేదు. పొగగొట్టం ముందుకి పెట్టుకుని పడమటికి, సముద్రం వైపు వెళ్లేది. వచ్చేటప్పుడు అలాగే వెనక్కి నడుస్తూ వచ్చేది. అంటే దక్షిణం పక్కనున్న గేటింటికి ఎప్పుడు చూసినా దాని ఎడమ చెంపే కనబడేది. బడీ అదే పక్క, స్టేషన్లో ప్లాట్‌ఫారమూ అదే పక్క. ఉత్తరం పక్క బురదనేల, దాని వెనక సరస్సు, అంతే. "పట్టాలు దాటావంటే కాళ్లు విరగ్గొడతా" అని అమ్మ హెచ్చరిక. అసంప్టా దాటలేదు. లైను మూతపడి, ఇంజనుని తుక్కు కింద ముక్కలు చేసేదాకా దాని కుడి పక్క ఆవిడ కంటపడనే లేదు.

ఫొటోలు ఉంటాయి కదా అని మొదట ధైర్యంగానే ఉంది. ఎక్కడెక్కడివో నలభై మూడు ఫొటోలు పోగుచేసింది. నలభై మూడూ ఎడమ పక్కవే! ఫొటోలు తీసేవాళ్లు సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుంటారు. మా దేశంలో సూర్యుడు కనబడటమే గొప్ప, కనబడినప్పుడు దక్షిణం నుంచే కనబడతాడు. నీడలో ఉన్న చెంపని ఎవడు తీస్తాడు? డబ్లిన్‌లోని పాత రైళ్ల సంఘానికి రాస్తే ఆ రకం ఇంజన్ల నక్షా పంపారు. కానీ మరమ్మతుకి వెళ్లిన ప్రతిసారీ ఒక్కో ఇంజనుకి ఒక్కో గొట్టం మార్చేవారనీ, ఏ రెండూ ఒకేలా ఉండేవి కావనీ వాళ్లే కింద రాశారు. దాన్ని నడిపిన డ్రైవర్లు ఎప్పుడో పోయారు.

"ఇంత గొడవెందుకు? ఆ పక్క గోడకి పెట్టేసెయ్" అన్నాడు ఫెస్టస్ మనియన్. ఆయన బొమ్మ రైళ్ల సంఘం కార్యదర్శి, రిటైరైన పోస్టుమాస్టరు, ప్రతిదానికీ ఒక సలహా జేబులో పెట్టుకు తిరిగే మనిషి.

"గోడకి తెలుస్తుందిగా."

"గోడ వచ్చి నిన్ను అడుగుతుందా ఏంటి, అమ్మడూ?"

"ఫెస్టస్, వెనక దవడ పళ్లు ఎవరికీ కనబడవు. అవి సరిగ్గా లేకపోతే నాలుక ఊరుకుంటుందా? నాకూ అంతే."

అలా బింకంగా అన్నదే గానీ, చివరికి చేసింది తప్పు పనే. ఎడమ పక్క ఉన్నదంతా అద్దంలో చూసినట్టు కుడి పక్కకి దింపేసింది. అవే గొట్టాలు, అవే మెట్లు, చక్రాలు జారకుండా పట్టాల మీద ఇసుక రాల్చే అదే పెట్టె. ముచ్చటగానే ఉంది. కానీ మూడు రోజులుగా ఆ పక్క చూసినప్పుడల్లా, చేయని పనికి మెప్పు తీసుకుంటున్నట్టు ఆవిడ మొహం వేడెక్కుతోంది. ప్రదర్శనకి పెట్టనని చెప్పేద్దామా అనుకుంది. ఆ మాట మనసులోకి రాగానే కళ్లనీళ్లు తిరిగాయి.

శనివారం పదకొండింటికి ఇంజనుని కిటికీ దగ్గర కుడి పక్క పైకి వచ్చేలా పెట్టి, గరుకులు ఆకురాయితో రుద్దుతోంది. అమ్మ టీ కోసం వంటింట్లోకి వచ్చింది. డీలియాకి ఎనభై ఆరు. పదకొండేళ్లుగా కూతురి దగ్గరే ఉంటోంది. గుర్రప్పందేలు చూస్తుంది, జపమాల తిప్పుతుంది, రైలు మాట ఎత్తితే టీవీ మోత పెంచుతుంది. కూతురి ఇంజన్లని 'రేకు పిచ్చి' అంటుంది తప్ప ఏనాడూ దగ్గరికొచ్చి చూడలేదు. లైను మూసేసిన రోజున ఊరంతా ఏడిస్తే ఆవిడ ఒక్కతే ఎర్రజెండా పొయ్యిలో పడేసి, దాని మీద కెటిల్ పెట్టుకుంది. అందుకే ఎక్కడెక్కడి వాళ్లనో అడిగిన అసంప్టాకి పక్కగదిలో ఉన్న అమ్మని అడగాలని తోచలేదు.

కప్పు కోసం చెయ్యి చాచిన డీలియా ఆగిపోయింది.

"ఇది ఎవరి ఇంజనే?"

"ఎవరిదేంటమ్మా, మనదే. ఏడొందల ముప్పై ఒకటి."

"కాదు."

"ఏం కాదు?"

"కాదంటే కాదు. దాని మెట్టు ఇలా ఎక్కడుంది? కింది మెట్టు లోపలికి వంకరపోయి ఉంటుంది. బాలీక్లారన్‌లో బొగ్గు బండి గుద్దింది. ఇదేమో పెళ్లికూతురిలా నిగనిగలాడుతోంది."

అసంప్టా చేతిలో ఆకురాయి కింద పడింది. "అమ్మా, నువ్వు ఆ పక్క చూశావా?"

"చూశావా అంటుందేమిటి! పద్దెనిమిదేళ్లు రోజుకి నాలుగుసార్లు చూడకేం చేశాను? డ్రైవరు ఉండేది ఆ పక్కనే. వాడికి జెండా చూపించాలంటే ఉత్తరం గేటు దగ్గరే నిలబడాలి. నీకు తెలీదూ?"

తెలుసు. తెలిసి తెలిసి కూడా ఒక్కసారి ఆలోచించలేదు! అసంప్టా అమ్మ రెండు బుగ్గలూ పట్టుకుని ముద్దు పెట్టేసింది. కుర్చీ లాగింది, దిండు వేసింది, టీ పోయబోయి సగం సాసర్లో పోసింది.

"ఒసేయ్, నెమ్మది! పిచ్చిగానీ పట్టిందా?"

"పట్టిందమ్మా, ఎప్పుడో పట్టింది. చెప్పు. మెట్టు, ఇంకా?"

డీలియా అల్లిక సూది ఒకటి తీసుకుంది. ఇక చూడాలి ఆ వంటిల్లు! ఆవిడ సూదితో చూపిస్తుంటే ఈవిడ తప్పుడు గొట్టాలని కాల్చి ఊడదీస్తోంది. ఇసుక పెట్టె ఇక్కడ కాదు, ముందు చక్రం వెనక్కి. దాని గొట్టానికి తీగ చుట్టి ఉండేది, ఏడు చుట్లు. మధ్య చక్రానికి రెండు చువ్వల నడుమ అతుకు ఉండాలి. నీళ్ల గొట్టం మెట్టు వెనక రెండుసార్లు వంగి కిందికి దిగేది, చలికాలంలో కారి కారి మంచు గడ్డం కట్టేది. అడ్డంగా సాగే బ్రేకు కడ్డీకి చివర అసలు మేకు లేదు, ఎవరో గుర్రపు నాడా మేకు కొట్టారు.

"గుర్రపు నాడా మేకా?" అసంప్టా పడీపడీ నవ్వింది. "అది ఏ నక్షాలో ఉంటుందమ్మా!"

"మీ నక్షాల మొహం. నా కళ్లతో చూశాను."

మధ్యాహ్నం ఉడికించిన బంగాళాదుంపలు అలాగే చల్లారిపోయాయి. టీవీలో మూడున్నర పందెం మొదలై అయిపోయినా డీలియా అటు తిరగలేదు. ఆదివారం ప్రార్థన నుంచి రాగానే తల్లే ముందు బల్ల దగ్గర కూర్చుంది. మెట్టు ఎంత వంచాలో తనే చేత్తో చూపించింది. "ఇంకాస్త. ఆ, ఇంకాస్త. చాలు!" అసంప్టా టంకం వేసి చేతులు వెనక్కి తీసుకుంది. బల్ల మీద నిలబడ్డది నిజం ఇంజను. ఎన్నడూ చూడని చెంప, అయినా చూడగానే ఇదే అనిపించింది.

"ఇక పైభాగం చెప్పమ్మా. బాయిలర్ పక్కన ఏమేం ఉండేవి? ఎడమ పక్క అయితే పైన ఒక లావుపాటి గొట్టం ఉంది. అటు కూడా ఉండేదా?"

డీలియా సూది ఆగింది. "పైన నాకు తెలీదు."

"అదేంటి? మేకుతో సహా చెప్పావు కదా. గుర్తు తెచ్చుకో, నీకెందుకు తెలీదు?"

"చూస్తే కదా తెలిసేది."

"పద్దెనిమిదేళ్లు దాని ఎదురుగా నిలబడి పైకి చూడలేదా?"

"ఎలా చూస్తానే? నువ్వు అవతల పక్క ఒక్కదానివే గుమ్మంలో ఉండేదానివి. రెండేళ్లదానివి, మూడేళ్లదానివి. మీ నాన్న పనిలో. నేనేమో ఇవతల. బండి మధ్యలోకి రాగానే నువ్వు కనబడవు. నేను వంగి, చక్రాల సందుల్లోంచి నీ కాళ్లు చూస్తూ ఉండేదాన్ని. కాళ్లు కదలకుండా ఉంటే బతికినట్టు. డ్రైవరు నవ్వేవాడు, మా ఇంజనుకి వంగి దండాలు పెడుతున్నావేంటి డీలియా అని. పెట్టేది వాడి ఇంజనుకా!" ఆవిడ సూదిని బల్ల మీద పెట్టేసింది. "నీకు అదంటే ప్రాణం. నాకేమో, అది దాటిపోయేదాకా ప్రాణం ఉండేది కాదు."

అసంప్టా ఇంజను కింది భాగం వైపు చూసింది. చక్రం అతుకు, తీగ చుట్లు, బ్రేకు కడ్డీ, నాడా మేకు. అన్నీ మోకాలికి కిందవే. అమ్మ చూసిందంతా కూతురి కాళ్ల చుట్టూ ఉన్నదే. అసంప్టా నేల మీద కూర్చుని అమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది కూడా, ఎందుకంటే డీలియా ఆ తల నిమురుతూ "జుట్టంతా టంకం వాసనే, తల్లీ" అని చీదరించుకుంది.

తర్వాతి ఆదివారం చర్చి హాలు కిక్కిరిసిపోయింది. గాల్వే నుంచి వచ్చారు, లిమరిక్ నుంచి వచ్చారు. అసంప్టా ఏడొందల ముప్పై ఒకటిని కుడి పక్క జనానికి కనబడేలా పెట్టింది. చక్రాల పైన సాగే పొడవాటి రేకు దాకా నల్లరంగు, జిడ్డు, తుప్పు, ఏడు చుట్ల తీగ, అన్నీ ఉన్నాయి. ఆ పైన రంగు లేదు, గొట్టం లేదు, ఉత్త ఇత్తడి. ముసలి రైలు పనివాళ్లు ముక్కు ఆనించి చూసి ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకుంటున్నారు. నాడా మేకు దగ్గర ఒకాయన టోపీ తీసేశాడు. డీలియా తన మంచి కోటు వేసుకుని, గుంపు మధ్య కర్ర మీద బరువు మోపి నిలబడి ఉంది.

ఫెస్టస్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "అద్భుతం అసంప్టా, అద్భుతం! కానీ ఇదేంటి, పైసగానికి రంగు అయిపోయిందా? ఆ పక్క చూసినవాళ్లు దొరికారన్నావుగా?"

"దొరికారు. ఇదిగో, మా అమ్మ."

"మరి పైన ఏముందో ఆవిడ చూళ్లేదా?"

హాలంతా వినబడేలా చెప్పాలనిపించింది అసంప్టాకి. అలాగే చెప్పింది. "చూళ్లేదు ఫెస్టస్. నన్ను చూస్తోంది."

ఫెస్టస్ మనియన్ వెళ్లి డీలియా కోసం ఒక కుర్చీ తెచ్చాడు.