ఈదమ్మకు నేర్పిన చీకటి

2018లో నేను హైదరాబాద్‌లోని ఒక జన్యు పరిశోధన ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రేచీకటితో మొదలై చూపు మొత్తం పోయే జబ్బుకు మూలం ఏ క్రోమోజోము మీద ఉందో వెతుకుతున్నాం. ఇంటింటికీ పెడిగ్రీ చార్ట్, అంటే వంశవృక్షం గీసి, అందరి రక్తం తేవడం నా పని. జబ్బున్న వాళ్లందరిలో ఒకే క్రోమోజోము ముక్క కనబడితే, జన్యువు ఆ దగ్గర్లో ఉన్నట్టే.

వనపర్తి జిల్లా వీపనగండ్ల దగ్గరి ఊళ్లో లక్ష్మమ్మ అనే ముసలామె ఇంటికి వెళ్లాను. ఆమె కొడుకులిద్దరికీ చూపు లేదు. కూతురికి చూపుంది కానీ మొగుడితో వలస పోయింది. అమ్మమ్మ దగ్గరే ఉంటున్న ఆ కూతురి బిడ్డ ఈదమ్మకు పన్నెండేళ్లు. మిట్టమధ్యాహ్నం ఆ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని, గడప దాటి, చుక్క ఒలకకుండా నాకు చెంబుతో నీళ్లు తెచ్చింది. కళ్లు మూసుకునే నా ముఖం వైపు తిరిగి నిలబడింది.

“బడి మాన్పించినం సారూ. చీకటి అలవాటు చేస్తున్నం,” అంది లక్ష్మమ్మ.

“జబ్బు ఎప్పుడు మొదలైంది?”

“ఆరేండ్లకే. పొద్దుగూకితే గోడలు తడుముకుంటుండె.”

చార్ట్‌లో ఆడపిల్లకు సున్నా గీస్తాం, జబ్బుంటే నల్లగా నింపుతాం. ఈదమ్మది నింపేశాను.

నెల తర్వాత ల్యాబ్‌లో లెక్క కుదరలేదు. మేనమామలిద్దరిలో ఉన్న ముక్క ఈదమ్మలో ఒక్క కాపీ కూడా లేదు. ట్యూబులు తారుమారు చేశానేమోనని నన్ను నేనే తిట్టుకుంటూ వెళ్లి మళ్లీ రక్తం తీశాను. మళ్లీ అదే ఫలితం! మూడోసారి వెళ్లి లక్ష్మమ్మ ముందు కూర్చున్నాను.

“గోడలు తడుముకున్నది ఈ పిల్లేనా అమ్మా?”

“ఈ పిల్లనే. గప్పుడు బాయిల పడి పాయె గద. ఏడాది తిరక్కముందే మళ్ల వచ్చింది. గా పేరే పెట్టినం.”

ఒక బస్సు తప్పి ఇంకో బస్సుకు వచ్చిందన్నంత మామూలుగా చెప్పింది. పోయినవాళ్ల పేరు పుట్టినవాళ్లకు పెట్టడం అక్కడ కొత్త కాదు. ఆ ఇంట్లో పేరుతో పాటు రోగాన్నీ ఇచ్చేశారు. నేనేమో బావిలో పడి చనిపోయిన అక్కకూ, ఆ పేరుతో పుట్టిన చెల్లెలికీ కలిపి ఒకే సున్నా గీశాను.

వనపర్తిలో కంటి డాక్టరుకు చూపిస్తే, కళ్లు నిక్షేపంగా ఉన్నాయన్నారు.

“ఈ పిల్ల వేరు, పోయిన పిల్ల వేరు. ఈమె చూపు పోదమ్మా, బడికి పంపండి,” అన్నాను లక్ష్మమ్మతో.

ఈదమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది. “అయితే బాయిల పడ్డది నేను గాదా సారూ?”

లక్ష్మమ్మ మెల్లగా అడిగింది. “అంటే గా పిల్ల మళ్ల రానే లేదా?”

చార్ట్ విప్పి, ఈదమ్మ పక్కన ఇంకో సున్నా గీసి నల్లగా నింపి, పోయినట్టు గుర్తుగా అడ్డగీత పెట్టాను. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, ఈ పేరుతో ముందెవరైనా ఉండేవారా అని అడిగాకే పెన్ను తీస్తాను. శుభవార్త చెప్పాల్సి వచ్చినా, ఆ మాటతో ఆ ఇంట్లో ఎవరు రెండోసారి పోతారోనని ముందు ఆలోచిస్తాను.