దసరా నుంచి దీపావళి దాకా, అత్త చేతి గ్లాసు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు కళ్యాణదుర్గం బస్సు కండక్టరు చెప్పాడు. రాయదుర్గంలో నేను పని చేసే బడి రోడ్డును ఆనుకునే ఉంటుంది. ఆయన బస్సు ఆపించి, దిగి, గేటు దాకా వచ్చి, "టీచరమ్మా, మీ అత్త తెల్లారి పోయిందంట. మీ నాయన చెప్పమన్నాడు" అన్నాడు. "సరేన్నా" అన్నాను. తిరిగి ఆరో తరగతిలోకి వెళ్లి బోర్డు మీద సగంలో ఆపిన భిన్నాల లెక్క పూర్తి చేశాను. తప్పు చేసిన వాడి చెవి కూడా మెలిపెట్టాను. ఆ తర్వాతే సెలవు చీటీ రాశాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పటికి రెండు నెలలు దాటింది, ఇంకా రాలేదు. ఏడవని ఆడదాన్ని చూస్తే జనానికి భయమేమో, పలకరింపుకు వచ్చినవాళ్లు ఎక్కువసేపు కూర్చోవడం లేదు.

మా వైపు పల్లెల్లో ఆడవాళ్లకు పేరు వచ్చేది ఓలిగలకో, ఊరగాయకో. మా అత్తకు పేరొచ్చింది రమ్ము కలపడంలో. ఈ సంగతి బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడే చుట్టాలు నాకు చాలామంది ఉన్నారు. వాళ్లు ఇలాంటివి చదవరు కాబట్టి నాకు ఇబ్బంది లేదు.

మొదలుపెట్టింది ఆమె కాదు, మామ. ఆయన మిలిటరీలో ఆఫీసర్ల మెస్సులో పదిహేనేళ్లు పనిచేశాడు. గ్లాసులు తుడవడం, సాయంత్రం ఆఫీసర్లు అడిగినవి కలిపి ఇవ్వడం ఆయన పని. పెన్షన్‌తో కళ్యాణదుర్గం దగ్గర మా పల్లెకు వచ్చి బావి తవ్వించి చీనీ, అదే బత్తాయి, తోట పెట్టాడు. తోట బాగానే వచ్చింది గానీ, సాయంత్రమైతే సారాయి అంగడికి పోయే అలవాటు కూడా వచ్చింది. పిల్లలు లేరు. అత్త రోజూ దీపం పెట్టే వేళకు అంగడికి వెళ్లి, గుమ్మంలో నిలబడి, పేరు పెట్టి పిలిచి ఇంటికి తెచ్చుకునేదట. మొగుణ్ణి పేరు పెట్టి పిలిచినందుకు ఊరంతా ఆమెను అన్నారు గానీ, ఆయన్ను ఒక్కరూ ఏమీ అనలేదు.

ఒక దసరాకు ఆయుధపూజ నాడు ఆమె మడక, కొడవలి, మోట తాడు వరసగా పెట్టి బొట్లు పెట్టింది. వాటి పక్కన మిలిటరీ క్యాంటీన్ నుంచి వచ్చిన రమ్ము సీసా, ఒక స్టీలు గ్లాసు కూడా పెట్టి వాటికీ బొట్టు పెట్టింది. పూజకు వచ్చిన మా నాయన నోరు తెరుచుకుని చూస్తుంటే, "ఏంది అన్నా, అట్ల చూస్తావు? ఇది గూడా మీ బావ పనిముట్టే గదా" అన్నదట. మామ పగలబడి నవ్వాడట. ఆ నవ్వులోనే ఆమె ఒప్పందం కుదుర్చుకుంది. ఆ రోజు నుంచి దీపావళి అమావాస్య దాకా రోజుకు ఒక్క గ్లాసు, ఇంట్లోనే, ఆమె చేతిది. కార్తీకం వస్తే సీసా అటక మీదికి. మళ్లీ దసరా దాకా ఆయన దాని ఊసెత్తకూడదు, అంగడి గడప తొక్కకూడదు. మెస్సులో నేర్చిన కలుపుళ్లన్నీ ఆయన ఆమెకు నేర్పాలి. మిలిటరీ మనిషి, పూజ ముందు మాట ఇచ్చాడు, నిలబడ్డాడు.

నాకు మొదటి ఉద్యోగం ఆ పల్లె బడిలో వచ్చినప్పటికి ఆ ఒప్పందానికి కొన్నేళ్లు నిండాయి. నేను వాళ్లింట్లోనే ఉన్నాను. ఆశ్వయుజం వస్తే ఆ ఇంటి వాసనే మారిపోయేది. వాన కురిసిన ఏడైతే శెనక్కాయ పెరికే రోజులవి. ఒక పక్క పచ్చి శెనక్కాయలు ఉప్పు వేసి ఉడుకుతుంటే, ఇంకో పక్క అత్త పీట వేసుకుని కూర్చునేది. చీనీకాయలు పిండి పల్చని గుడ్డలో వడకట్టేది. అల్లం దంచి పిండేది. బెల్లం పాకం చల్లార్చి, చిటికెడు ఉప్పు, మిరియాల పొడి వేసేది. మామ బస్టాండు నుంచి తెచ్చిన గోళీ సోడా చివర్లో పోసేది. చీనీ లేని రోజు సుగంధి వేర్ల పాకంలో నిమ్మకాయ పిండేది. ముసురు పట్టిన సాయంత్రం సోడా మానేసి, శొంఠి బెల్లం మరిగించి వేడివేడిగా ఇచ్చేది. "మెస్సులో దీన్నే కాక్‌టెయిల్ అంటారు" అని మామ గొప్పగా చెప్పేవాడు. "యేమన్నా అనుకోనీ, చల్లారకముందే తాగు" అనేది అత్త.

ఆమె ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని ఎరగదు. రుచి ఎలా తెలుస్తుందని అడిగితే, "మీ మామ మొకం చూస్తే తెలీదా?" అంది. ఇంకోసారి చెప్పిన మాట నాకు బాగా గుర్తు: "మగోళ్లకు గొంతు మండితే చాలు మే. యెందుకు మండిందని అడగరు." అప్పుడు నవ్వాను. అది ఆమె పనితనమంతా దాచిన మాటని నాకు తట్టలేదు.

మొదట్లో ఆ మూడు వారాలకు రెండు సీసాలు పట్టేవట. నేను వచ్చేసరికి ఒకటి, ఆ తర్వాత ఒకటి కూడా ఖాళీ అయ్యేది కాదు. మిగిలింది ఆమె వీధిలో ముసలమ్మల మోకాళ్లకు రుద్దేది. సాయంత్రం అరుగుల మీద కూర్చున్న అవ్వలందరి దగ్గరా మిలిటరీ వాసన వచ్చేది. లెక్కలు చెప్పే టీచరును నేను, ఇంత తేలిక లెక్క నాకు అందలేదు.

తర్వాత వరసగా రెండేళ్లు వాన రాలేదు. రెండో ఏడు బావి అడుగు కనిపించింది. ఆ దసరా దాటాక అనంతపురంలో కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. అత్తకు ఒక కన్ను దాదాపు కనిపించేది కాదు. ఆ తేదీ పోతే మళ్లీ ఎప్పుడో తెలియదని మా నాయన ఆమెను తీసుకువెళ్లాడు. పోయే ముందు వంటింట్లోకి పిలిచి నాకు కలపడం చూపించింది. అల్లం రసం నాలుగు చెంచాలు, మిరియాల పొడి కొంచెం ఎక్కువ, రమ్ము రెండు చెంచాలు.

"రెండేనా అత్తా?"

"రెండే. యేటికింత తగ్గించుకుంటా వచ్చినా. ఆయనకు తెలీదు. వచ్చేయేటికి ఒకటి."

నాలుగు రోజులు అలాగే చేశాను. మామ తాగి, "అచ్చం మీ అత్త చెయ్యే" అని మెచ్చుకున్నాడు.

అయిదో రోజు ఆదివారం. ఎండిన చీనీ చెట్లను కట్టెలకు కొనేవాళ్లు వచ్చారు. మామ పొద్దున్నే తోటకు వెళ్లి, చెట్లన్నీ కొట్టేదాకా అక్కడే నిలబడి, ఎండ వాలేసరికి ఇంటికి వచ్చాడు. భుజం మీది టవల్లో ఏడెనిమిది కాయలు ఉన్నాయి, నిమ్మకాయంత, గట్టిగా. "ఇవే కడాకు. పిండు మే" అన్నాడు. పిండాను. బలమంతా పెట్టినా గ్లాసు అడుగు తడిసేంత రసమే వచ్చింది. ఆ రోజు సోడా లేదు. అందులో నీళ్లు పోసి ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు. ఆఖరి కాయల రసం, దాన్ని నీళ్లపాలు ఎలా చేయను? గ్లాసు సగం దాకా రమ్ము పోశాను. ఆయన మీద జాలి వేసింది, అంతే. ఇందులో ఇంకో కారణం ఏమీ లేదు.

ఒక గుక్క తాగి ఆగాడు.

"రమ్ము ఎంత పోసినావు మే?"

"సగం మామా. రసం రాలేదు."

"మీ అత్త ఎంత పోస్తాది?"

ఏదో ఒకటి చెప్పి ఉండవచ్చు. నాకు తెలియదని చెప్పినా సరిపోయేది. "రెండు చెంచాలు" అన్నాను.

ఆయన మిగిలింది మెల్లగా తాగి గ్లాసు బోర్లించాడు. "పదైదేండ్లు ఆఫీసర్లకు కలిపినోణ్ణి. అల్లం రసం తాగి తలకెక్కిందనుకుంటాంటినే" అని కొంచెం నవ్వాడు. టవలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"యాడికి మామా?"

"ఈడికే."

సారాయి అంగడికి వెళ్లాడు. పోసింది ఒక తప్పు, చెప్పింది ఇంకో తప్పు. రెండోదే పెద్దదని నా లెక్క.

వారం తిరిగి అత్త నల్లద్దాలతో బస్సు దిగింది. మధ్యాహ్నం పూట మామ మంచం మీద పడి ఉన్నాడు, ఇల్లంతా వాసన. ఆమె కాళ్లు కడుక్కుని, వంటింట్లోకి వచ్చి, సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది. ఎంత పోశావని నన్ను అడగలేదు. "యేం చెప్పినావు?" అంది.

"అడిగినాడు. చెప్పినాను."

"టీచరువు గదా" అంది. అంతే. ఆ మాట తర్వాత ఆమె ఈ విషయం ఎత్తలేదు, నన్ను తిట్టలేదు, అన్నం పెట్టడంలో తేడా చూపలేదు. ఎవరైనా నాలుగు తిడితే బాగుండునని కోరుకునే రోజులు మనిషికి ఉంటాయి. నాకు ఆ రోజులు చాలా కాలం ఉన్నాయి.

ఆమె మళ్లీ రోజూ దీపం పెట్టే వేళకు అంగడి గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలిచింది. కొన్నాళ్లకు ఆయన రావడం మానేశాడు. మూడేళ్లకు కడుపు ఉబ్బి పోయాడు.

పెద్దల అమావాస్యకు మా వైపు చనిపోయినవాళ్లకు ఎడ పెడతారు. ఆకు వేసి, వాళ్లకు ఇష్టమైనవన్నీ వడ్డించి, తాగే అలవాటున్నవాళ్లకు అదీ పెట్టి, తలుపు మూసి కాసేపు బయట కూర్చుంటారు. వాళ్లు వచ్చి తిని పోతారని నమ్మకం. మామకు మొదటిసారి ఎడ పెట్టేటప్పుడు అత్త సీసా తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వు కలుపు మే."

"ఎంత పొయ్యాల అత్తా?"

"సగం పొయ్యి. దాచేదానికి ఇంగ ఏముండాది?"

అప్పటి నుంచి ఏటా నేనే కలిపాను. రాయదుర్గానికి బదిలీ అయ్యాక కూడా ఆ రోజుకు సెలవు పెట్టి వచ్చేదాన్ని. అది నన్ను క్షమించడమో, నాకు వేసిన శిక్షో నాకు ఈనాటికీ తెలియదు. గ్లాసు ప్రతిసారీ సగానికే నిండేది. ఆమె పక్కన కూర్చుని అల్లం దంచేది. తర్వాత ఇద్దరం అన్నం తినేవాళ్లం. ఆమె చేసిన మేలుకు కృతజ్ఞత చెప్పుకోవాలంటే నాకు గుర్తొచ్చేది అదే. ఆమె నన్ను ఎప్పుడూ ఆ పీట పక్కనుంచి లేపి పంపలేదు.

ఆమె మంచం పట్టాక ప్రతి ఆదివారం వెళ్లేదాన్ని. చివరి ఆదివారం తల దువ్వుతూ అనేశాను. "అత్తా, ఆ పొద్దు నేను చెప్పకుండా ఉండాల్సింది."

"ఏ పొద్దు?" అంది. తెలియక కాదు. తర్వాత తనే అంది: "చెట్లు కొట్టించినాడని నాకు ఆడ యెవురు చెప్పినారు? తెలిసింటే నేనే బస్సెక్కి వచ్చి సగం గ్లాసు పోసిందును. పన్నెండేండ్లు కొలిచినా గానీ, ఒక్క పొద్దన్నా ఆయన మీద జాలిపడితినా? నువ్వు పడితివి. ఇంగ దువ్వు, చిక్కు ఉండాది."

ఎవరికి ఏది ఎంత పోయాలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ మాటలో నిజం ఎన్ని చెంచాలో నేను చెప్పలేను. నా గొంతు మాత్రం మండింది. చిక్కు తీసి జడ వేసి బస్సుకు వచ్చేశాను. నాలుగో రోజు కండక్టరు గేటు దగ్గరికి వచ్చాడు.

పోయిన పెద్దల అమావాస్యకు నాయన, నేను ఆ ఇంటికి వెళ్లాం. ఏడాది నిండలేదు కాబట్టి అత్తకు ఆకు వేయకూడదని వీధి పెద్దలు చెప్పారు. సరేనన్నాం. మామకు ఒక్క ఆకు వేసి అన్నీ వడ్డించాను. సీసా చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చున్నాను. సగమా, రెండు చెంచాలా? ఏదీ పోయలేకపోయాను.

చివరికి ఏదీ కలపలేదు. గుడిబండ నుంచి ఎవరో తెచ్చి అమ్ముతుంటే కొన్న చీనీకాయలు రెండు కోసి పెట్టాను. అల్లం రసం ఒక గిన్నెలో, బెల్లం పాకం ఒక గిన్నెలో, మిరియాల పొడి, సోడా, రమ్ము, చెంచా. అన్నీ మామ ఆకు పక్కన నేల మీద వరసగా పెట్టి, వాటి ముందు అత్త పీట వేశాను. ఆకు మీద ఖాళీ గ్లాసు పెట్టాను. నాయన గడపలో నిలబడి చూశాడు.

తలుపు మూసి ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. ఎండ వీధి ఆ చివర దాకా తెల్లగా ఉంది. పక్కింటివాళ్లు తలుపులు తీసి భోజనాలకు కూర్చున్నారు. ఎదురింటివాళ్లు కూడా తీశారు. అన్నం చల్లారిపోతుందని నేను లేచి గొళ్లెం మీద చెయ్యి వేశాను.

నాయన నా కొంగు పట్టుకుని ఆపాడు.

"ఉండు మే. కలిపేదానికి టైం పడతాది" అన్నాడు.

మళ్లీ కూర్చున్నాను.