మా డేరాకు ఈశాన్యం వెతికిన శుక్రవారం

2025 మే 29, గురువారం, సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలకు ఈ విషయం మొదలైంది. వేసవి సెలవులకు జగిత్యాల నుంచి నా భార్యతో పాటు దోహాకు వచ్చిన మా అమ్మాయి అన్నం పళ్ళెం పక్కకు జరిపి, ఎడారిలో డేరా వేసుకుని పడుకుంటానని తన తరగతి మొత్తానికి చెప్పి వచ్చానని ప్రకటించింది. ఆదివారం వారి తిరుగు ప్రయాణం.

"పండుకోకుంట పోతే అందరు నవ్వుతరు డాడీ," అన్నది.

ఖతార్‌లో డేరాలు వేసేది చలికాలంలో. మే నెలాఖరున వేడికి ఒంటెలు సైతం నీడ వెతుక్కుంటాయి. అయినా మా కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటి వ్యక్తిని నేనే గనుక, తగిన స్థలాన్ని ఎంపిక చేసే బాధ్యత నాకే అప్పగించారు. "సదువుకున్నోళ్ళు గదా, మీరే చూడుండ్రి," అన్నది నా భార్య. ఆ మాటను నేను ప్రశంసగానే స్వీకరించాను.

ఉమ్ సలాల్‌లో ఒక ఇంట డ్రైవర్‌గా పనిచేసే మా బావ, అంటే నా భార్య అన్న, శుక్రవారం డ్యూటీ లేనందున తన పాత బండిలో డేరా పెట్టుకుని వచ్చాడు. సముద్రపు గాలి ఉంటుందన్న ఆలోచనతో నేను దుఖాన్ వైపు తీరాన్ని నిర్ణయించాను. మధ్యాహ్నం బయలుదేరి అక్కడికి చేరాము. మేకు కొడుతుండగా నా భార్య మర్యాద కొద్దీ పుట్టింటికి వీడియో కాల్ చేసింది. పొరపాటు అక్కడే జరిగింది.

మా మామగారు మేస్త్రీ. వాస్తు కుదరలేదని తన ఇంటి వాకిలిని మూడుసార్లు మార్పించిన మనిషి.

"దుబాయ్‌ల సముద్రం ఏ దిక్కున్నది అల్లుడా?"

"ఇది ఖతార్, మామా. సముద్రం పడమట ఉన్నది."

"పడమట నీళ్ళు పెట్టుకొని పిల్లను పండవెడ్తవా?"

"గుమ్మం తూర్పుకు తిప్పుత మామా."

"గుమ్మం తిప్పుతవ్. సముద్రాన్ని తిప్పుతవా?"

నేను మేకు పీకాను. డేరా విప్పాము.

రెండవ స్థలం ఉమ్ సలాల్‌లో బావకు తెలిసిన ఒక తోట. ఖర్జూరపు చెట్ల నీడ, పక్కనే కుళాయి, నిందించడానికి ఏమీ లేని చోటు. అయితే నీళ్ళ ట్యాంకు ఆగ్నేయ మూలన ఉంది. "అగ్గి మూలకు నీళ్ళా?" అని వీడియోలో మామగారు కళ్ళు మూసుకున్నారు. దిక్కును మరొకసారి నిర్ధారించుకుందామని నా ఫోన్‌లోని దిక్సూచిని ఎండలో పట్టుకుని తోట చుట్టూ నడిచాను. ఫోన్ వేడెక్కి, చల్లారేవరకు పనిచేయనని చెప్పి ఆగిపోయింది.

"ఫోన్‌కే గిట్లుంటే మనం జేసేదేంది బావా?" అన్నాడు మా బావ. "యల్లా, నడువు, ఇంక యాడికి?"

మ్యాపు చూడగా, ఇంకా ఉత్తరాన తూర్పు తీరం ఒకచోట వంపు తిరిగి, సముద్రం సరిగ్గా ఈశాన్యానికి వస్తోంది. నా జీవితంలో ఒక స్థలాన్ని ఇంత శ్రద్ధగా వెతకలేదు. పొద్దు వాలుతుండగా చేరాము. మామగారు బావ ఫోన్‌లో నీళ్ళను చూసి, "శబాష్," అన్నారు. అమ్మాయి చెప్పులు విడిచి, వేడికి వెంటనే తొడుక్కుంది. డేరా నిలబెట్టాము. నేను నాలుగవ మేకు కోసం వంగాను.

గాలి వచ్చింది. డేరా లేచింది. ఇసుక మీద దొర్లుతూ, మధ్యమధ్య మా కోసం ఆగినట్టే ఆగి, మళ్ళీ పరుగెత్తింది. నేనూ బావా వెంటపడ్డాము. అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. బావ చేతిలోని ఫోన్‌లో మామగారు అడిగారు: "గాలి ఎటుకెల్లి వస్తుంది?"

"వాయవ్యం నుంచి, మామా," అన్నాను ఆయాసపడుతూ.

"అట్లనే రావాలె. అది వాయుదేవుని మూల." ఆయన స్వరంలో ఎంతో తృప్తి వినిపించింది.

ఒక ముళ్ళకంచె డేరాను పట్టి ఆపింది. కర్ర ఒకటి విరిగింది. అందరం అల్ దోహా అల్ జదీదాలోని మా ఫ్లాటుకు తిరిగి వచ్చాము. అమ్మాయి ముఖం చూడలేక, డేరాను హాల్లోకి తెచ్చి, ఒక తాడు సోఫా కాలికీ, రెండవది ఫ్రిజ్ పిడికీ కట్టాను. నిలబడింది. మళ్ళీ కాల్ చేశాము.

"చల్లగాలి ఎటుకెల్లి?"

"ఏసీ వాయవ్యం గోడకే ఉన్నది, మామా."

"నీళ్ళు?"

నేను వంటింట్లోని నీళ్ళ డబ్బాను నిశ్శబ్దంగా ఈశాన్య మూలకు మోసుకొచ్చాను. "ఈశాన్యంలనే."

అమ్మాయికి మాత్రం సందేహం తీరలేదు. "తాతా, ఎడారిల పండుకున్న అంటే అబద్ధమైతదా?" అంటూ డేరా మడతను విదిలించింది. తీరంలోని ఇసుక చాలా వరకు మా హాల్లో పరుచుకుంది. నా భార్య చీపురు కోసం లేచింది.

"ఊడ్వకు," అన్నారు మామగారు ఫోన్‌లోంచి. "బిడ్డా, కింద ఇసుక, మీద డేర. అబద్ధమెట్లైతది?"

అమ్మాయి లోపలికి వెళ్ళి జిప్పు వేసుకుంది. తనకూ ఒక మూల కావాలని దూరిన బావ కాళ్ళు మాత్రం మోకాళ్ళ వరకు బయటే ఉన్నాయి. కొద్దిసేపటికి ఇద్దరూ నిద్రపోయారు.

ఆ తర్వాత స్థలాలు ఎంపిక చేసే పని మా ఇంట్లో నాకు ఎవరూ అప్పగించలేదు. నీళ్ళ డబ్బా ఇప్పటికీ ఈశాన్య మూలనే ఉంది.