క్లచ్ లేకుండా అడవి దాటిన జీపు

జంగ్లీఘాట్‌లో మా ఇంటి నుంచి తెల్లవారకముందే బయలుదేరాం. నేను, మా చెల్లెలు సత్య, దాని ట్రంకు పెట్టె, మా పాత చిన్న జీపు. సత్యకి మా దీవుల్లోనే, అడవికి అవతల రంగత్ దగ్గర ఒక బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఆ సాయంత్రం ఆఫీసు మూసేలోగా చేరకపోతే అది జాబితాలో తర్వాతివాళ్ళకి పోతుంది. బస్సులో పంపిస్తే హాయిగా వెళ్ళిపోయేది. నేనే జీపులో దిగబెడతానని పట్టుబట్టాను. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. దాన్ని బస్సెక్కించి చెయ్యి ఊపి రావడం నా వల్ల కాలేదు.

చాతాం జెట్టీలో జీపుని ఫెర్రీ ఎక్కిస్తుంటే మొదటి గేరు కర్రుమంది. రెండోసారి ఇంకా గట్టిగా అరిచింది. చేపల బుట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకామె చెవి మీద చెయ్యి పెట్టుకుని, "నీ బండికి పంటినొప్పి నాగుంది బాబూ" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అవతల బాంబూఫ్లాట్ చేరేదాకా గేరు రాడ్డు కదుపుతూనే ఉన్నాను.

బాంబూఫ్లాట్‌లో పూరీ తిన్నాం. నేను సగం వదిలేశాను. ఫెరార్‌గంజ్ దాటేసరికి ప్రతి గేరూ ఏడుస్తోంది. అది చాలదన్నట్టు సత్య ఒకటే సణుగుడు.

"క్లచ్ మీంచి కాలు తియ్యి భయ్యా. అది కాలు పెట్టుకునే పీట కాదు."

జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర పోలీసు కాపలాతో వరసగా అడవి దాటే తొమ్మిది గంటల కాన్వాయ్ కోసం బళ్ళన్నీ వరసలో ఆగి ఉన్నాయి. బయటి ఊళ్ళవాళ్ళు ఇక్కడే గుర్తింపు కార్డు చూపించి అనుమతి తీసుకోవాలి. గేటు దాటాక అడవి అక్కడి ఆదివాసుల సొంత చోటు. మధ్యలో బండి ఆపకూడదు, ముందు బండిని దాటకూడదు, ఫోటోలు తీయకూడదు.

"గేర్‌బాక్స్ పోయింది. వెనక్కి పోదాం" అన్నాను. ఆ మాట అన్నాక లోపల నాకు హాయిగానే ఉంది.

సత్య కిందికి దిగలేదు. "ఇంజిన్ బంద్ చెయ్యి. ఇప్పుడు గేర్లు ఎయ్యి."

వేశాను. రివర్సుతో సహా అన్నీ చప్పుడు లేకుండా పడ్డాయి.

"గేర్‌బాక్స్ పోతే ఇప్పుడూ కర్రుమనాల కదా. ఎప్పుడో నువ్వే సెప్పినావు. ఇప్పుడు స్టార్ట్ చెయ్యి. హ్యాండ్‌బ్రేకు లాగి, మూడో గేరులో ఎట్టి పెడల్ ఒదులు."

వదిలీ వదలగానే ఇంజిన్ ఆగిపోయింది. అంటే క్లచ్ ప్లేటు జారడం లేదు, గట్టిగానే పట్టుకుంటోంది. పెడల్ తొక్కినప్పుడు విడవడమే లేదు. ఇక మిగిలింది పెడల్‌నీ క్లచ్‌నీ కలిపే కేబులు. బానెట్ ఎత్తి చూస్తే దాని చివర తుప్పుపట్టి, పోగులు ఒక్కొక్కటే తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి. మా దీవుల్లో ఉప్పుగాలికి ఇనుము ఆగదు. అందుకే వానలకి ముందు బండి అడుగునంతా వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూస్తాం. మా ఇంట్లో ఏటా ఆ పని సత్యది. ఈ ఏడు అది పరీక్షలకి చదువుకుంటోంది. ఆ పని నేను చెయ్యాలని నాకు తోచనే లేదు.

కేబులు వదులు పోయేలా చివరి నట్టు బిగించాను. గేరు మెత్తగా పడింది. గేటు ఎత్తారు.

అడవిలో సగం దారిలో పెడల్ ఒక్కసారిగా నేలకి పడిపోయి, మళ్ళీ లేవలేదు. కేబులు తెగిపోయింది. మేం ఆగితే వెనక వరసంతా ఆగాలి, ఆగకూడని చోట.

"ఆపకు" అంది సత్య. "మూడో గేరులోనే ఉండు. ముందు బస్సు బ్రేకు లైట్లు నేను సూస్తాను. నువ్వు ఇంజిన్ మోత ఇను."

బస్సు నెమ్మదించే ముందే అది చెప్పేది, నేను యాక్సిలరేటర్ వదిలేవాణ్ణి. ఒక ఎత్తు దగ్గర రెండో గేరు తప్పలేదు. న్యూట్రల్‌కి తెచ్చి, కాస్త ఇంజిన్ లేపి నెట్టాను, పడలేదు. మళ్ళీ నెట్టాను. బండి ఆగిపోబోతుండగా పడింది. వెనక్కి పోదామన్న ఆలోచన అప్పటికి నాలో లేదు. దీన్ని ఎలాగైనా అవతలికి చేర్చాలి, అంతే.

అడవి చివర మిడిల్ స్ట్రెయిట్ జెట్టీలో ఇంజిన్ కట్టేసి ఆపాను. ఫెర్రీ ఎక్కడానికి గేరులోనే తాళం తిప్పితే జీపు కప్పలా ఎగిరి పడింది. ఫెర్రీ మనిషి కేకలేశాడు. "క్లచ్ లేదు చాచా, థోడా జగా దే దో" అని సత్య కాస్త చోటిమ్మని బతిమాలితే జనాన్ని పక్కకి జరిపాడు.

అవతల బారాటాంగ్‌లో ఒక షెడ్డులో పాత కేబులు దొరికితే బిగించుకున్నాం. అక్కడే అన్నం, చేపల పులుసు తిన్నాం. రంగత్ చేరేసరికి ఆఫీసు ప్యూను కిటికీలు మూస్తున్నాడు. సత్య పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్ళింది, సంతకం చేసి మెల్లగా బయటికి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషమో దిగులో చెప్పలేను. "జిర్కాటాంగ్‌లో ఎనక్కి పోదామన్నప్పుడు నీ మొకం సూసినాను భయ్యా" అంది.

మర్నాడు ఒక్కణ్ణే తిరిగి బయలుదేరాను. మీరు ఈ దారిలో సొంత బండిలో వస్తే ముందు కేబులు చూసుకోండి. దారి బాగుంటుంది, చెట్లు రోడ్డు మీదికి వంగి చల్లగా ఉంటుంది. ఆ వేళ నేను వాటిని సరిగా చూడలేదు. గేర్లన్నీ చప్పుడు లేకుండా పడుతున్నాయి. సగం దారిలో చూసుకుంటే ఎడమకాలు మళ్ళీ క్లచ్ మీద ఉంది. ఎవరైనా తియ్యమంటారేమోనని కాసేపు అలాగే ఉంచాను. తర్వాత నేనే తీసేశాను.