హాట్‌బాక్స్‌లో తూటాలు

సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు శిబిరం గేటు దగ్గర సెంట్రీ నా చేతిలోని హాట్‌బాక్స్ మూత తెరిపించాడు. లోపల పులిహోర ఉంది.

"ఇదేంటి?" అన్నాడు.

"అన్నం."

"ఈ రంగేంటి?"

"పసుపు వేశారు."

కాసేపు చూశాడు. వాసన చూశాడు. మూత పెట్టి లోపలికి పంపాడు.

అది 2011 జూన్, పశ్చిమ టెక్సస్. నేల చదును, చెట్టు లేదు, మధ్యాహ్నం నలభై డిగ్రీలు. సైన్యంలో ఏం చేశావని అడిగేవాళ్ళు నా దగ్గర యుద్ధం కథలు ఆశిస్తారు. సైన్యంలో ఉన్నన్నాళ్ళూ నేను అమెరికా దాటలేదు. నా దగ్గరున్నది ఈ వేసవే.

నేను స్టూడెంట్ వీసా మీద వచ్చి, ఎమ్మెస్ చేసి, పౌరసత్వం త్వరగా వస్తుందని సైన్యంలో చేరాను. నా థీసిస్ తలనొప్పి మాత్రల పైపూత గురించి. కాగితాల్లో కెమిస్ట్రీ అన్న మాట చూసి ఎవరో నన్ను షూటింగ్ టీమ్‌కి తూటాలు తయారుచేసే గదికి పంపారు.

ఆ గది ఒకప్పటి లాండ్రీ. ఒక బల్ల, ఒక త్రాసు, చేత్తో లాగే ప్రెస్సు. ఫ్యాన్ వేయకూడదు, గాలికి త్రాసు కదులుతుంది. కాల్చేసిన ఇత్తడి తొడుగులకు అడుగున కొత్త ప్రైమర్ బిగించి, తుపాకి మందు తూచి పోసి, పైన గుండు కూర్చాలి. ప్రైమర్ చొక్కా బొత్తామంత ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే సూది దాన్నే కొడుతుంది.

గదికి అధికారి ఒక సార్జెంట్. టెక్సస్ వాడే. యాభై దాటాయి, మీసం నెరిసింది. నన్ను కెమిస్ట్ అని పిలిచేవాడు. ఆయన నేర్పింది ఇది: మందు పెరిగితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడిని చూసే సాధనం మా దగ్గర లేదు. వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంది. పుస్తకంలోని అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతిసారీ కాల్చి చూడాలి. పుస్తకం చెప్పిన వేగం దాటిందంటే ఒత్తిడి కూడా దాటిందని అనుకోవాలి. ఆ వేగానికి కాస్త కిందనే ఆయన ఒక అంకె ఎంచుకున్నాడు. సెకనుకు 2,650 అడుగులు.

"కాల్చాక రైఫిల్ వెనక బోల్టు సులువుగానే లేస్తోంది, ప్రైమర్ కూడా బాగుంది. ఇంకొంచెం పోయొచ్చు కదా?" అని ఒకసారి అడిగాను.

"ఒళ్ళు వేడిగా లేకపోతే జబ్బు లేనట్టేనా, కెమిస్ట్?" అన్నాడు.

టీమ్‌లో మరో తెలుగువాడు ఉన్నాడు. అమెరికాలోనే, ఫార్మింగ్టన్ హిల్స్‌లో పుట్టి పెరిగినవాడు. వయసు ఇరవై మూడు. మంచి షూటర్, ఓపిక తక్కువ. జాతీయ పోటీకి ఐదుగురిని పంపుతారు. అతను ఆరో స్థానంలో ఉన్నాడు. వెయ్యి గజాల దూరంలో గాలి తన గుళ్ళను పక్కకు నెట్టేస్తోందని, వేగం పెంచితే చాలని అతని నమ్మకం. రోజూ గదికి వచ్చేవాడు.

"అన్నా, ప్లీజ్. కొంచెం యాడ్ చెయ్. ఎవరికి తెలుస్తది?"

"పేలితే నీ కంటికి తెలుస్తుంది. పో."

"నువ్వు సేమ్ మా డాడీ. ఆయన కూడా హైవే మీద ఫిఫ్టీ ఫైవ్‌లో వెళ్తాడు."

కాపెల్ అనే ఊళ్ళో ఉండే తెలిసిన ఆంటీ రెండు వారాలకొకసారి మా వైపు వచ్చేవాళ్ళతో హాట్‌బాక్స్ నింపి పంపేది. పోటీకి ఎంపిక జరిగే రోజు ఉదయం బ్యారక్‌లో ఇద్దరం ముందురోజు గేటు దాటిన ఆ పులిహోరే తిన్నాం. నూనె జిడ్డు వదలకపోతే హాట్‌బాక్స్ నిండా మరిగే నీళ్ళు పోసి కాసేపు ఉంచి కడిగాను. అప్పుడే ఆర్డర్ వచ్చింది. ఎండ ముదురుతోంది, తూటాలు ఎవరూ ఎండలో పెట్టకూడదు. మా కుర్ర షూటర్ తన తూటాలు తీసుకుని ముందే రేంజ్‌కి వెళ్ళిపోయాడు.

ప్రతి ఉదయం మొదటి రెండు గుళ్ళు క్రోనోగ్రాఫ్ మీదుగా కాల్చడం సార్జెంట్ పెట్టిన ఆనవాయితీ. రేంజ్‌లో మా ట్రక్కు ముందు బల్ల వేసుకుని షూటర్ మొదటిది కాల్చాడు. 2,719.

"అన్నా! చూడు! పైనుంచి గిఫ్ట్!"

సార్జెంట్ కుర్చీలోంచి లేచాడు. "ఆపు. బోల్టు తియ్."

షూటర్ బోల్టు పిడి లాగాడు. లేవలేదు. రెండు చేతులతో లాగాడు. లేవలేదు. బూటు పెట్టి తన్నబోయాడు.

"కాలు కింద పెట్టు," అన్నాడు సార్జెంట్. గొంతు పెంచలేదు. "ఇద్దరూ ట్రక్కు వెనక్కి వెళ్ళండి."

వెళ్ళాం. రబ్బరు సుత్తి చప్పుడు నాలుగైదు సార్లు వినిపించింది. తర్వాత ఆయన పిలిచాడు. తొడుగు అరచేతిలో పెట్టి చూపించాడు. గుండ్రటి అంచు ఉండాల్సిన ప్రైమర్ పల్చగా పరుచుకుపోయింది. ఇత్తడి మీద గీరిన గుర్తు మెరుస్తోంది.

"మిగతావి ఎక్కడ?"

షూటర్ బల్ల కిందకు చూపించాడు. అక్కడ నీడలో, తడిగుడ్డ కప్పి, ఆంటీ హాట్‌బాక్స్ ఉంది.

సార్జెంట్ మూత తీసి చెయ్యి లోపల పెట్టి వెంటనే తీసేశాడు. ఒక తూటా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇంగువ," అని నేను చెప్పాల్సి వచ్చింది.

"ఎండ తగలకుండా పెట్టాను," అన్నాడు షూటర్. "ఇన్సులేటెడ్ కదా."

"నేను వేడినీళ్ళతో కడిగాను కదరా!"

"అది నాకు ఎవరు చెప్పారు అన్నా? ఇది ఫుడ్ బాక్స్, కెమికల్ వెపన్ కాదు కదా!"

"వేడి పోకుండా చేసే పెట్టె ఇది," అన్నాడు సార్జెంట్ నెమ్మదిగా, మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ. "దాన్ని ముందు వేడి చేసి, అందులో మందు పెట్టి, చల్లారకుండా మూత వేశారు. ఎండలో పెట్టినా ఇంత బాగా కుదిరేది కాదు. పెట్టె తప్పు ఏమీ లేదు. ఎక్కడ దొరుకుతుందిది?"

నవ్వు రాబోయింది. షూటర్ ముఖం చూసి ఆగాను. అతని వంతుకు నలభై నిమిషాలుంది.

"చల్లార్చి కాల్చనా?"

"వద్దు. అందులో ఏది ఎంత వేడెక్కిందో, ఏమైందో నాకు తెలీదు. తెలియనిది నీ బుగ్గ పక్కన పేలనివ్వను. రైఫిల్ కూడా అంతే, పరీక్ష అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు. నా రైఫిల్ తీసుకో. ఫ్యాక్టరీ తూటాలు ఇస్తాను."

"సార్జెంట్, నేను ఆరోవాణ్ణి. మీ రైఫిల్‌తో నా పని అయిపోతుంది."

"కావచ్చు."

షూటర్ నావైపు తిరిగాడు. తెలుగులో, గొంతు తగ్గించి, "అన్నా, నువ్వు చెప్పు. ఒక్కసారి ఓకే అను. నువ్వు కెమిస్ట్‌వి."

నేను కెమిస్ట్‌ని కాదు. తలనొప్పి మాత్రల పూత గురించి తెలుసు. "కుదరదురా," అన్నాను.

అతను ఆ రైఫిల్‌తోనే కాల్చాడు. బాగా కాల్చాడు. ఆరో స్థానంలోనే మిగిలాడు. రైఫిల్ తిరిగిచ్చి నేరుగా బ్యారక్‌కి వెళ్ళిపోయాడు. మర్నాడు మెస్‌లో ట్రే తీసుకొచ్చి సార్జెంట్ ఎదురుగా కూర్చుని, "ఆ ప్రైమర్ నేను ఉంచుకోవచ్చా?" అని అడిగాడు. ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు.

ఆగస్టు చివర్లో నా పాత యూనిట్‌కి తిరిగి వెళ్ళమని ఆర్డర్ వచ్చింది. కాపెల్‌లో దిగి హాట్‌బాక్స్ తిరిగిచ్చాను. ఆంటీ మూత తీసి, "ఏంటిది, ఇనుము వాసన వస్తోంది?" అంది. కడిగాను ఆంటీ, అన్నాను.

మూడేళ్ళకు సార్జెంట్ గుండెజబ్బుతో పోయాడు. షూటర్ ఫోన్ చేసి చెప్పాడు.

ఆ ఎంపిక రోజు, సుత్తి చప్పుడు వినిపిస్తుండగా, ట్రక్కు వెనక నుంచి నేను తొంగి చూశాను. సార్జెంట్ రైఫిల్‌ని ఇసుక సంచుల మీద పెట్టి, ముఖం అవతలికి తిప్పుకుని, కుడిచేత్తో సుత్తి ఎత్తాడు. ఎడమచెయ్యి వెనక్కి చాచి మమ్మల్ని ఇంకా దూరం వెళ్ళమని ఊపుతున్నాడు. చూడకుండానే ఊపుతున్నాడు. అది ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆయన పోయాక ఆ గదిలోంచి ప్రెస్సు, త్రాసు తీసేశారు. టీమ్‌కి ఫ్యాక్టరీ పెట్టెలే వస్తున్నాయి. అక్కడ ఇప్పుడు ఎవరూ మందు తూచడం లేదు.