సముద్రదేవుడికి తీసుకెళ్లిన కొబ్బరికాయ

ఈ పోస్టు ఇప్పుడే రాయాలి. పోయిన ఏడాది వానాకాలం చివర్లో వేటకు వెళ్లిన మా నూకరాజు అన్నయ్య తిరిగి రాలేదు. తెప్పా దొరకలేదు, మనిషీ దొరకలేదు. కర్మ చెయ్యాలా, ఇంకా ఎదురుచూడాలా అన్నది ఇన్నాళ్లూ మా ఇంట్లో తేలలేదు. కిందటి శనివారం నేను, జర్మనీలో నేనుండే బ్రెమెన్ నుంచి బెర్లిన్ వెళ్లివచ్చాక తేలింది. దాన్నిబట్టి నాకు ఒక సాయం కావాలి. ఆలస్యం చేస్తే ఆ సాయం సమయానికి అందదు. పనిలో పనిగా, బెర్లిన్‌లో గ్రీకుల సముద్రదేవుణ్ణి చూడాలనుకునేవారికి దారి కూడా చెబుతాను.

మాది భీమిలి దగ్గర మత్స్యకారుల వాడ. మా ఇంట్లో బడికి వెళ్లినదాన్ని నేనొక్కదాన్నే. అందువల్ల ప్రతి విషయంలోనూ చివరి మాట నాదే కావాలంటారు. కర్మ చేసేయాలని పెద్దలు, వద్దని అమ్మ. మధ్యలో రత్నం వదిన. అమ్మ పట్టుబట్టడంతో ఆమె ఇంకా గాజులు, బొట్టుతోనే ఉంది. కానీ పేరంటానికి పిలవాలో వద్దో వాడలోవాళ్లకు తెలియక, పిలవడం మానేశారు.

చలికాలపు లాక్‌డౌన్‌లో నా గదిలో ఒంటరిగా కూర్చుని గ్రీకుల పురాణకథలు చదివాను. పొసైడన్ వారి సముద్రదేవుడు. చేతిలో త్రిశూలం. భూమిని కంపింపజేసేదీ అతడే, గుర్రాలకు దేవుడూ అతడే. కవులు అతన్ని ఎక్కువగా కోపిష్టిగానే చూపించారు. తన కొడుకు కన్ను పొడిచిన నావికుణ్ణి ఏళ్ల తరబడి ఇల్లు చేరనివ్వలేదు. ఇదంతా ఫోన్లో అమ్మకు చెప్పాను.

"ఆకరికి ఇల్లు సేరాడా, నేదా?" అంది అమ్మ.

"చేరాడమ్మా."

"మరి ఆ దేవుడికి ఏటి పెట్టీవోరు?"

ఎద్దుల్ని బలిచ్చేవారని, జాలరులు తాము పట్టిన పెద్ద చేపను ఇచ్చేవారని చెప్పాను. "సేపల దేవుడికి సేపేనా! మనకన్నా పిసినారోళ్లు," అని నవ్వింది. అన్నయ్య వెళ్లాక అమ్మ నవ్వగా వినడం అదే మొదటిసారి. ఆ తర్వాత గొంతు తగ్గించి అంది: "గంగమ్మనడిగీసాను అమ్మీ. ఆ తల్లి నోరిప్పలేదు. ఈ మొగదేవుడు ఆ దిక్కునున్నాడు గదా, నువ్వెల్లి ఓ కాయ కొట్టి అడిగీ. ఆడేటంటాడో సూద్దాం. ఆ తరవాత మీ పెద్దలు ఎలాగంటే అలాగే."

మా వాడలో వేటకు వెళ్లినవారు క్షేమంగా రావాలని కాయ కొడతారు. పోయారని ఒప్పుకున్నాక మాత్రం కాయ కొట్టరు, నిండుకాయను నీటికి వదులుతారు. అమ్మ చెప్పింది కొట్టే కాయ గురించి.

ఇప్పుడు పొసైడన్‌కు పూజ జరిగే గుడి నాకు తెలిసి జర్మనీలో లేదు. అయితే ఒకప్పుడు అతనికి మొక్కుగా ఇచ్చిన మట్టిపలకలు బెర్లిన్ మ్యూజియం ద్వీపంలో, గ్రీకుల పాత వస్తువులుండే మ్యూజియంలో ఉన్నాయని చదివాను. బ్రెమెన్‌లో ఉదయం ఏడు దాటాక రైలెక్కి, హానోవర్‌లో మారితే పది గంటలు దాటాక బెర్లిన్ చేరుకోవచ్చు. ముందే కొంటే టికెట్ ఇరవై యూరోల దగ్గర దొరుకుతుంది. దారంతా మాస్కు తియ్యకూడదు. అడుగుతారో లేదో తెలియక ముందురోజు ఉచిత కోవిడ్ టెస్టు చేయించుకున్నాను. ఎవరూ అడగలేదు.

బెర్లిన్ స్టేషన్‌కు నా స్నేహితురాలు స్వాతి వచ్చింది. వరంగల్ అమ్మాయి, బెర్లిన్‌లో మాస్టర్స్ చదువుతోంది, నాకంటే రెండేళ్లు చిన్న. నా బ్యాగు అందుకుని, "ఏందక్కా ఇంత బరువు?" అంటూ జిప్ తీసి చూసింది.

"కొబ్బరికాయ. దేవుడికి."

"మ్యూజియంల కొబ్బరికాయ కొడతవా? నాకు వీసా రెన్యువల్ అపాయింట్‌మెంట్ ఉందక్కా వచ్చే నెల. జర నన్ను ఆగం చెయ్యకు."

స్టేషన్ నుంచి బస్సులో పావుగంట. ఈ రోజుల్లో మ్యూజియానికి ఏ గంటకు వెళతామో ముందే ఆన్‌లైన్‌లో ఎంచుకుని టికెట్ తీసుకోవాలి. మేము పదకొండున్నరకు తీసుకున్నాం. గుమ్మం దగ్గర ఉన్న ఆవిడ బ్యాగు లోపలికి తీసుకెళ్లకూడదంది. కాయను చూసి, తినే వస్తువులు అసలే వద్దని లాకర్ చూపించింది.

"దేవునికి తెచ్చిన కాయ దేవుని గుమ్మం బయటనే లాకర్ల పాయె," అంది స్వాతి.

లోపల నేల మీద బాణాలు గీశారు, ఒకే దిక్కున నడవాలి. పలకల కోసం మేము రెండు గదులు వెతికాం. పాలరాతి విగ్రహాలను చూస్తూ పోతే పలకలు కంటపడవు, ఎందుకంటే చాలా చిన్నవి. అరచేయంత ఉంటాయి, చాలామటుకు విరిగినవే. గ్రీసులో కొరింథు అనే ఊరి దగ్గర కుప్పగా దొరికాయట. వేలాడదీయడానికి కొన్నింటికి కన్నాలున్నాయి. త్రిశూలం పట్టుకున్న దేవుడు, పక్కన అతని భార్య. ఇంకొన్నింటి మీద దేవుడే లేడు. మట్టి తవ్వేవాళ్లు, సారె మీద కుండ చేసేవాడు, కుండలు కాల్చే ఆవం, కుండలు ఎక్కించిన ఓడ. తమ పనిని తామే బొమ్మ వేసి, పేరు రాసి, దానికి బదులుగా మంచి చెయ్యమని దేవుణ్ణి అడిగారు. కవుల పొసైడన్ రాజులతో, వీరులతో పగలు పెట్టుకున్నాడు. ఈ పలకల పొసైడన్ దగ్గరకు వచ్చినవాళ్లు మావాళ్లలాంటివాళ్లు. ఆవం సరిగా కాలాలని, ఓడ ఒడ్డు చేరాలని వచ్చినవాళ్లు.

అక్కడ చాలాసేపు నిలబడ్డాను. ఒక్కో పలకా ఒకరు అడిగినది. వాళ్లకు ఏం దొరికిందో ఏ పలక మీదా లేదు. ఆ ఓడ ఇల్లు చేరిందో లేదో ఇన్ని వేల ఏళ్ల తర్వాత చెప్పేవాళ్లు లేరు.

"అక్కా, అమ్మకేం చెప్తవు?" అంది స్వాతి. నేను లాకర్ దగ్గరకు వెళ్లి బ్యాగు తీసుకున్నాను.

మ్యూజియం నుంచి పది నిమిషాలు నడిస్తే టీవీ టవర్ కింద పెద్ద ఫౌంటెన్ ఉంది. దాని మీద ఉన్నదీ సముద్రదేవుడే, రోమన్లు పెట్టిన నెప్ట్యూన్ అన్న పేరుతో. చుట్టూ అంచు మీద నలుగురు స్త్రీలు, నాలుగు నదులకు గుర్తుగా. అక్కడి నుంచి అమ్మకు వీడియో కాల్ చేశాను. వదిన పక్కనే కూర్చుని ఉంది.

"ఇతగాడేనా?" అమ్మ ఫోన్‌కు మొహం దగ్గరగా పెట్టి చూసింది. "బాగానే తిని బలిసున్నాడు. ఒంటి మీద గుడ్డ నేదేటి?"

"ఉత్త విగ్రహమేనమ్మా. పాత మొక్కులు మ్యూజియంలో చూసొచ్చాను."

"ఏటన్నాడు?"

అబద్ధం చెప్పడానికి వీలున్న క్షణం అది. వస్తాడన్నాడని చెబితే అమ్మ నమ్మేది. చదువుకున్నదాన్ని కదా. "అడిగినవన్నీ ఉన్నాయమ్మా," అన్నాను. "జవాబు ఒక్కటీ లేదు."

అప్పుడు వదిన అంది: "అత్తా, గంగమ్మా సెప్పనేదు, ఈయనా సెప్పడు. నువ్వు సెప్పు. నేను మొగుడున్న దాన్నా, నేని దాన్నా?"

తెర మీద అమ్మ చెయ్యి వదిన తల మీదికి వెళ్లడం కనిపించింది. చెయ్యి అలాగే ఉంచి, "అమ్మీ, కాయ తెచ్చావా?" అంది.

"తెచ్చానమ్మా."

"కొట్టకు. నీటికిచ్చీ."

ఫోన్ పెట్టేశాక స్వాతి నన్ను పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత ఇద్దరం దగ్గర్లోనే ఉన్న స్ప్రే నది ఒడ్డుకు వెళ్లాం. కాయ చేతిలోకి తీసుకోగానే బెంచీ మీద కుక్కతో కూర్చున్న పెద్దాయన లేచి వచ్చాడు. నది చెత్తబుట్ట కాదని జర్మన్‌లో గట్టిగానే అన్నాడు. నాకు వచ్చిన జర్మన్‌లో చెప్పాను: మా అన్నయ్య కోసం, సముద్రంలో పోయాడు. ఆయన మాస్కు సర్దుకుని, ఈసారి నెమ్మదిగా, "అయితే సముద్రానికి తీసుకెళ్లమ్మా. ఇది స్ప్రే. మధ్యలో లాకులున్నాయి, అక్కడే ఆగిపోతుంది," అన్నాడు. స్వాతి నా చేతిలోంచి కాయ తీసుకుని బ్యాగులో పెట్టింది. సాయంత్రం రైలుకి బ్రెమెన్ వచ్చేశాను.

కథల్లో సముద్రదేవుడు కోపం తెచ్చుకుంటాడు, పగ తీర్చుకుంటాడు, చివరికి శాంతిస్తాడు. అక్కడ ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది. పలకలు పెట్టినవాళ్లకు, మా అమ్మకు అలాంటి కారణమేదీ ఎవరూ చెప్పలేదు. దేహం దొరకనివారికి గ్రీకులు ఖాళీ సమాధి కట్టి, పేరు పెట్టి పిలిచేవారట. మా వాడలోనూ ఒడ్డున నిలబడి పేరు పెట్టి పిలుస్తారు. అమ్మను ఒప్పించింది నా చదువు కాదు, వదిన అడిగిన ప్రశ్న. నేను చెయ్యగలిగిందల్లా లేని జవాబును ఉందని చెప్పకపోవడం.

వెళ్లేవారికి ఒక్క సూచన: సోమవారం ఆ మ్యూజియం మూసి ఉంటుంది కాబట్టి వేరే రోజు చూసుకోండి, లోపలికి వెళ్లగానే ముందు మట్టిపలకలు ఎక్కడున్నాయో అడిగి తెలుసుకోండి.

ఇక నేను అడగవలసింది. ఆగస్టు ఎనిమిదిన, ఆషాఢ అమావాస్య నాడు, మా ఊళ్లో ఉదయం పది గంటలకు అన్నయ్యకు కర్మ. ఇక్కడ అప్పుడు ఆరున్నర. విమానాలు ఈ పరిస్థితిలో ఉండగా నేను వెళ్లలేను. అదే సమయానికి బాల్టిక్ తీరాన ట్రావెముండెలో కాయ వదలాలనుకుంటున్నాను. అంత పొద్దున్నే అక్కడికి చేర్చే రైలు లేదు. ఒక్కదాన్నే నీటి దగ్గరకు వెళ్లనని అమ్మ మాట తీసుకుంది. స్వాతికి ఆ వారం పరీక్షలు. బ్రెమెన్, హాంబర్గ్ వైపు కారున్నవారు ఎవరైనా రాగలిగితే ఆగస్టు ఒకటో తేదీలోపు ఈ పోస్టు కింద రాయండి. పెట్రోలు ఖర్చు నాది. మీకు మంత్రాలేవీ రానక్కర్లేదు. నేను నూకరాజు అన్నయ్యను పిలిచేటప్పుడు ఒడ్డున నా పక్కన ఒక మనిషి ఉంటే చాలు.