గోడ మీద ఖాళీ జాగా

బోర్డులు రాసే ఆయనకి వీధి వీధంతా కలిసి పెట్టిన పేరు సరేగారు. కన్నవాళ్లు ఇంకేదో పేరు పెట్టే ఉంటారు గానీ దాన్ని ఎవరూ వాడరు. కావాలని ఆయనా పట్టుబట్టడు. పట్టుబట్టే స్వభావమే ఉంటే ఈ పేరు వచ్చేదే కాదు. ఎర్రరంగులో రాశాక నీలం చేయమంటే సరే. నీలం చేశాక మొదటి ఎరుపే బాగుందంటే సరే. ఒకసారి ఎవరింటి గేటుకో ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అన్న బోర్డు బిగిస్తుంటే ఆ కుక్కే వచ్చి పిక్క పట్టుకుంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది ఆయన పని. ఇంటాయన మేడ మీంచి తొంగిచూసి, “కదలకండి, కాసేపటికి అదే వదిలేస్తుంది” అన్నాడు. సరేగారు దానికీ సరే అన్నాడు.

ఆయన మొండితనం ఒక్క చోటే బయటపడేది, అక్షరం దగ్గర. తలకట్టు వెంట్రుకవాసి పక్కకి జరిగినా గీకేసి మళ్లీ రాసేవాడు. మెట్ల కింద ఉన్న ఆయన కొట్టు నిండా కిరసనాయిల్లో నానే బ్రష్షులు, గోడకానించిన రేకులు, మూతలు తప్పిపోయిన డబ్బాలు. ఊళ్లో సగం కొట్లకి బోర్డులు రాసిన ఆ కొట్టుకి మాత్రం బోర్డు లేదు. భార్య బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చుని రోజంతా జనానికి జవాబులు చెబుతుంది. సాయంత్రానికి మిగిలిన గొంతు ఇంట్లో ఖర్చు పెడుతుంది. దేవుడు ఆయన నోట్లో పెట్టాల్సిన నాలుకని కూడా పొరపాటున ఆవిడకే ఇచ్చేశాడని వీధిలో అనుకుంటారు.

వాళ్లకి ఒక్కతే కూతురు. ఏడో తరగతి.

ఒక బుధవారం సాయంత్రం టైర్ల కొట్టు బోర్డుకి గుండ్రం గీయాల్సి వచ్చింది. సరేగారి కంపాస్ మర ఎక్కడో పడిపోయింది. కూతురి జామెట్రీ బాక్సు తీసుకున్నాడు. అందులో కోణమానిని కింద మడతలు పెట్టిన చీటీలున్నాయి. లెక్కపెడితే పదకొండు. పైదాంట్లో ముందు కూతురి పేరు, తర్వాత ఇలా ఉంది: ‘నోరు విప్పావో, మేడ మీంచి తోసేస్తాం. జారి పడ్డావనుకుంటారు.’

తలకట్లు కొక్కేల్లా వంకర తిరిగి, వరస తప్పకుండా కుదురుగా ఉన్నాయి. రాత బాగుందే అని ఒక్క క్షణం అనిపించి, వెంటనే తనని తానే తిట్టుకున్నాడు. ఆ నెలలో పిల్ల రెండుసార్లు మోకాళ్లు కొట్టుకుని వచ్చింది. మెట్ల మీద జారానంది. ఒకసారి పుస్తకాలన్నీ తడిసి వచ్చాయి. నీళ్ల సీసా మూత ఊడిందంది. మూడింటికీ ఆయన సరే అన్నాడు.

చీటీలు చేత్తో పట్టుకుని ఆయన వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. పిల్ల చూసింది. పెన్సిలు కింద పెట్టింది. ఒక్కొక్కటే చెప్పింది. పెద్ద తరగతిలో నలుగురట. మధ్యాహ్నం అన్నం వేళ ల్యాబు పక్క గదిలో పెట్టి గడియ వేస్తారట. మేడ మెట్ల దగ్గర వెనక నుంచి నెడతారట. పేర్లు మాత్రం చెప్పనంది.

“చెప్తే నిజంగానే తోసేస్తారు.”

“నాకెందుకు చెప్పలేదు తల్లీ?”

“చెప్తే ఏం చేస్తావు నాన్నా? వెళ్తావు. వాళ్లేదో అంటారు. సరే అని వచ్చేస్తావు.”

కోపంతో అన్న మాట కాదు. వానొస్తే తడుస్తాం కదా అన్నంత మామూలుగా అంది. అందుకే సరేగారికి అది లోపలికంటా దిగింది. కుక్క కరిచినప్పుడు రాని నీళ్లు అప్పుడు కళ్లలోకి వచ్చాయి.

భార్య సంగతి చెప్పక్కర్లేదు. “రేపు పొద్దున్నే వెళ్లి తాడో పేడో తేల్చుకొస్తాను. ఆ బడి పైకప్పు లేచిపోవాలి” అంటూ చెంగు బిగించింది. పిల్ల తల్లి కాళ్లు చుట్టేసుకుంది. అమ్మ అరిస్తే బడంతా తెలుస్తుందనీ, తన పేరు బయటికొస్తే ఇక ఆ గేటు దాటననీ ఏడ్చింది. చివరికి తెల్లారి నోట్లో నాలుక లేని మనిషే వెళ్లాడు. వెళ్లేముందు పేరు బయటికి రానివ్వనని కూతురికి మాటిచ్చాడు.

హెడ్మిస్ట్రెస్ గదిలో పోటీల్లో గెలిచిన కప్పుల బీరువా మెరుస్తోంది. ఆవిడ చీటీలు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“రాసినవాళ్ల పేరు లేదు కదండీ.”

“లేదు మేడమ్.”

“మీ అమ్మాయి ఎవరి పేరూ చెప్పట్లేదు కదా.”

“భయపడుతోంది మేడమ్.”

“ఇంకేం చేస్తాం చెప్పండి. పిల్లలన్నాక ఆటలుంటాయి. గోరంతని కొండంత చేసుకుని బడి పరువు రచ్చకెక్కించకండి.”

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అన్న మాట సరేగారి నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటు లేక అక్కడే ఆగిపోయింది. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అంటారు కదా, ఆవిడకి ఉన్నట్టుండి ఇంకో పని గుర్తొచ్చింది.

“ఎలాగూ వచ్చారు. మన ప్రహరీ గోడ బోసిగా ఉంది. మంచి మాటలు రాసిపెట్టండి. పిల్లలూ పెద్దలూ రోజూ ఏం చదవాలో అదే రాయండి. రోడ్డు అవతలికి కూడా కనబడాలి. మాటలు మీ ఇష్టం.”

సరేగారు ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత కిటికీలోంచి గోడని చూశాడు. ఆరడుగుల ఎత్తు, అరవై అడుగుల పొడవు. కొత్తగా గీకి సున్నం కొట్టి ఉంది.

“సరే మేడమ్” అన్నాడు.

పిల్లకి జ్వరమని చెప్పి శనివారం దాకా ఇంట్లోనే ఉంచారు. ఆదివారం పొద్దున్నే ఆయన నిచ్చెన, డబ్బాలు మోపెడ్ మీద కట్టుకుని గోడ దగ్గరికి చేరాడు. చీటీ మీద సన్న పెన్సిలుతో గళ్లు గీశాడు. సుద్ద అద్దిన దారం లాగి కొట్టి గోడ మీద అన్నే గళ్లు కొట్టాడు, ఒక్కొక్కటీ అడుగున్నర. ఈ గడిలో ఏ వంపు ఉంటే ఆ గడిలోకి అదే వంపు ఎక్కుతుంది. చిన్న ఫొటో చూసి మేడంత బొమ్మ వేసేది ఇలాగే. ముప్పై ఏళ్లుగా సొంత అందమే రాసిన చెయ్యి ఆ రోజు మొదటిసారి ఇంకొకరి వంకరని వంకరగానే దించింది. ఎక్కడా దిద్దలేదు. దిద్దకుండా ఉండటానికే ఎక్కువ కష్టపడ్డాడు.

పైగా వరసగా రాయలేదు. ముందు అక్షరాల్లోని సున్నాల్లాంటి గుండ్రాలన్నీ నింపాడు. తర్వాత తలకట్లన్నీ నింపాడు. మధ్యాహ్నానికి గోడ నిండా నల్ల సున్నాలూ కొక్కేలూ తప్ప మాటంటూ లేదు. బడి వాచ్‌మన్ కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు.

“‘పెద్దలను గౌరవించు’ అని కదూ?”

“అలాంటిదే అన్నా.”

“అక్షరాలు ఈసారి కాస్త వంకరగా వస్తున్నాయి?”

“బడివాళ్ల నమూనానే” అన్నాడు సరేగారు. అందులో అబద్ధం లేదు.

పొద్దుపోయే వేళకి వాచ్‌మన్ టీకి వెళ్లాడు. ఆ పావుగంటలో మిగిలిన గీతలు నిండాయి. కూతురి పేరు ఉండాల్సిన చోట మాత్రం ఏమీ రాయలేదు. రెండు బారల మేర తెల్లగా వదిలేశాడు. నిచ్చెనని గోడకే ఆనించి ఇంటికెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున మోపెడ్ వెనక కూర్చున్న కూతురు మలుపు తిరగగానే ఆయన చొక్కా గట్టిగా పట్టుకుంది. అడుగున్నర అక్షరాలు. ‘నోరు విప్పావో, మేడ మీంచి తోసేస్తాం. జారి పడ్డావనుకుంటారు.’ ముందంతా ఖాళీ.

“నా పేరు లేదు” అంది నెమ్మదిగా.

“మాటిచ్చాను కదమ్మా.”

గేటు ముందు స్కూటర్లు ఆగిపోయాయి. పేరుండాల్సిన చోట ఖాళీ ఉంటే మనిషి ఊరుకోలేడు, ఏదో ఒకటి పెట్టి చదువుకుంటాడు. ప్రతి తల్లీ తన పిల్లనే పెట్టి చదివింది. ప్రతి తండ్రీ వెనక్కి తిరిగి, “నిన్ను కాదు కదరా?” అని అడిగాడు. కొందరు పిల్లలు వెంటనే కాదన్నారు. కొందరు అనలేదు.

మొదటి గంట కొట్టకముందే కళ్లజోడు పెట్టుకున్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి జేబులోంచి సుద్దముక్క తీసి, ఆ ఖాళీలో తన పేరు చిన్నగా రాసి, ఎవరి వంకా చూడకుండా లోపలికెళ్లిపోయింది. మధ్యాహ్నానికి ఆ పేరు కింద ఇంకో ఎనిమిది చేరాయి. వాచ్‌మన్ తడిగుడ్డతో తుడిచాడు. మళ్లీ రాశారు. సాయంత్రం బడి వదిలేసరికి పద్నాలుగయ్యాయి.

హెడ్మిస్ట్రెస్ ఫోన్లో ఊపిరి పీల్చుకోకుండా మాట్లాడింది. “ఏంటండీ ఇది? మంచి మాటలు రాయమంటే?”

“మీ బడిలో రాసిందే మేడమ్. అందరూ చదవాల్సిందే.”

“ఇప్పుడే చెరిపేయండి.”

“సరే మేడమ్. ఆయిల్ పెయింటు కదా, మూడు రోజులు ఆరాలి. తడి మీద ఏం పూసినా నిలవదు.”

ఆవిడ నమ్మక బక్కెట్టెడు సున్నం కలిపించి ఆ నల్ల అక్షరాల మీద పూయించింది. సున్నం ఆ నూనె మీద పట్టక ధారలుగా కిందికి జారిపోయింది. అక్షరాలు కడిగిన గిన్నెల్లా ఇంకా తేటగా కనబడ్డాయి. ఇంకో పెయింటరుకి కబురు పెడితే అతను వచ్చి, ఆనించి ఉన్న నిచ్చెన చూసి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఒకరి నిచ్చెన ఆనించి ఉన్న గోడ మీద ఇంకొకరు బ్రష్షు పెట్టరు. ఆ పనిలో ఉన్నవాళ్లకి అదే పెద్ద చట్టం.

సరేగారు మాత్రం నిమ్మకి నీరెత్తినట్టు కొట్లో కూర్చుని టైర్ల బోర్డుకి గుండ్రం గీసుకుంటున్నాడు. అదే గుండ్రం మూడోసారి గీస్తున్నాడు, అది వేరే సంగతి.

సాయంత్రం మందుల షాపావిడ వచ్చింది. ఊళ్లో డాక్టర్ల చీటీలన్నీ, డాక్టర్లే చదవలేనివి కూడా, చదవగల మనిషి. చంకలో ఖాళీ అట్టపెట్టె ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది. దాని మీద ‘దగ్గు మందులు, చిన్నపిల్లలవి’ అని రాసి ఉంది. తలకట్లు కొక్కేల్లా ఉన్నాయి.

“సెలవుల్లో మా వాడితో రాయించాను అన్నయ్యగారూ.”

సరేగారు పెట్టెని దగ్గరికి లాక్కుని చూశాడు.

“మీకు తెలుసా వాడని?”

“రాత తెలుసమ్మా. రాసిందెవరో తెలీదు.”

“వాడికి అక్షరాలు దిద్దించింది నేనే. వేలు పట్టుకుని.” ఆవిడ స్టూలు మీద కూలబడింది. “చెరిపేయమని మిమ్మల్ని బతిమాలదామని బయల్దేరాను. దారిలో ఆ పేర్లు చదివాను. ఒకరిద్దరు మా షాపుకొచ్చే పిల్లలే. దెబ్బలకి మందు రాసి పంపించింది కూడా నేనే.” కాసేపు పెట్టె అంచు నిమిరింది. “చెరపకండి.”

మంగళవారం ఆవిడే కొడుకుని చెయ్యి పట్టుకుని హెడ్మిస్ట్రెస్ గదికి తీసుకెళ్లింది. వాడు మిగతా ముగ్గురి పేర్లూ చెప్పాడు. పద్నాలుగు మంది పిల్లల పెద్దవాళ్లు ఆ గదిలో పట్టక వరండాలో నిలబడ్డారు. వాళ్ల మధ్య సరేగారి భార్య కూడా ఉంది. ఎవరి తల్లినని వచ్చిందో ఎవరూ అడగలేదు. ఏ కిటికీ వెనకా లేకుండా మాట్లాడే అవకాశం ఆవిడకి చాలాకాలానికి దొరికింది. మేడ తలుపుకి తాళం పడింది. అన్నం వేళ మెట్ల దగ్గర ఒక టీచరు నిలబడాలని తేలింది. నలుగురినీ పదిరోజులు ఇంటికి పంపి, జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టారు. ఆటలన్న మాట ఈసారి ఎవరి నోటా రాలేదు.

అయినా సరేగారి కూతురు పెద్దగా మాట్లాడలేదు. బడికి వెళ్తోంది, వస్తోంది. గోడ దగ్గరకి వచ్చేసరికి తల తిప్పుకుంటోంది.

గురువారం పొద్దున మూడు రోజులూ నిండాయి. గోడని తెల్లగా చేయడానికి ఆయన డబ్బాలతో వచ్చాడు. కూతురు వెనకే నిలబడి ఆ పద్నాలుగు పేర్లూ ఒక్కొక్కటే చదివింది.

“నాన్నా, ఆ నల్ల రంగు ఇంకా ఉందా?”

“అడుగున కాస్త ఉంది.”

“రాస్తే ఆరడానికి ఇంకో మూడు రోజులు పడుతుందా?”

“పడుతుంది.”

డబ్బా మూత తనే తీసింది. నిచ్చెన రెండు మెట్లెక్కి, పేర్లకి పైన మిగిలిన చోట, బ్రష్షు రెండు చేతులా పట్టుకుని తన పేరు రాసింది. మిగతావన్నీ సుద్దతో రాసినవి. ఇదొక్కటే ఆయిల్ పెయింటు. అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చివరి తలకట్టు పక్కింటి అక్షరం మీదకి పోయింది. సరేగారి చెయ్యి దాన్ని గీకేయడానికి సగందాకా లేచింది. ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు.

అంతలో హెడ్మిస్ట్రెస్ గేటులోకి వచ్చింది. ఆవిడ మొహం కూడా నాలుగు రోజుల్లో కాస్త నలిగింది.

“ఈ రోజు చెరిపేస్తానన్నారు కదండీ. అంతా సర్దుకుంది కదా. ఇక కానివ్వండి.”

కూతురు బ్రష్షు పట్టుకుని నిచ్చెన మీదే ఉంది. తండ్రి నోటి వంకే చూస్తోంది. ఆ నోట్లోంచి ఏ మాట వస్తుందో ఆ పిల్లకి పుట్టినప్పట్నించీ తెలుసు.

సరేగారు గొంతు సవరించుకున్నాడు. అలవాటు లేని మాట కావడంతో మొదటిసారి సరిగ్గా రాలేదు. మళ్లీ అన్నాడు.

“కుదరదు మేడమ్.”